అడ్డా మీద మేడం

బస్సులో సీటు దొరికి కూర్చుంటే నాకు ఇప్పటికీ ఏదో తప్పు చేసినట్టే ఉంటుంది. ఆ రోగం మా మేడం అంటించింది. మా సంస్థకు పెద్దగా ఉన్నన్నాళ్లూ ఆమె ఏ బస్సులోనూ కూర్చోగా నేను చూడలేదు. పక్కన సీటు ఖాళీగా ఉన్నా పైకమ్మీ పట్టుకుని నిలబడేది. "కూసుంటె కిటికి కనవడ్తది, నిలవడితె మనుషులు కనవడ్తరు" అనేది. పెద్దావిడ నిలబడి ఉంటే నేను దర్జాగా కూర్చుంటే ఏం బాగుంటుంది? నేనూ నిలబడేవాణ్ని. కాళ్లు పీకుతుంటే లోపల్లోపల తిట్టుకునేవాణ్ని.

మొన్న పొద్దున సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు వచ్చే బస్సులో సీటు దొరికింది. ముత్తంగి దగ్గర లారీల మధ్య బస్సు ఇరుక్కుని ఉండగా యాదగిరి ఫోన్ చేశాడు. యాదగిరి మేడం ఆఫీసు జీపు నడిపినవాడు. ఎప్పుడు ఫోన్ చేసినా ముందు తన మోకాళ్ల నొప్పులు చెప్పి, ఆ తర్వాత నా ఆరోగ్యం అడిగి, అప్పుడు గానీ అసలు సంగతికి రాడు. ఆ రోజు అవేమీ లేవు.

"సార్, మేడం ఇగ లేదు. నిన్న పొద్దుగూకినంక పానం పోయిందంట" అన్నాడు.

నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియదు. నేను దిగుతున్నాననుకుని పక్కాయన వెంటనే నా చోట్లోకి జరిగాడు. సరే, దిగడమే మంచిదనిపించింది. దిగి, రోడ్డు దాటి, తిరుగు బస్సు ఎక్కాను. ఆమె ఇల్లు సంగారెడ్డిలోనే.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆమెకు నచ్చదు. ప్రారంభోత్సవం రాయి మీద తన పేరు కొంచెం పెద్దగా చెక్కినా "ఏందయ్యా, బస్సు నేను నడుపుతున్ననా?" అని రాయి మార్పించేది. షిఫ్టులకు పోయే ఆడవాళ్లకు ఆమె "బస్సు మేడం". మాకు ఉత్త మేడం.

మా సంస్థ సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్పాలి. సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కల బస్సులు ఏ దారిన తిరగాలో చూడటం మాకు ఒక పని. కంపెనీలు వచ్చేలా జాగాలు, రోడ్లు, నీళ్లు సమకూర్చడం రెండో పని. ఈ రెండు పనులనూ ఒకే కప్పు కింద పెట్టిన మహానుభావులు ఎవరో గానీ, ఆమె రాకముందు మా ఆఫీసులో ఈ సెక్షన్ వాళ్లు ఆ సెక్షన్ వాళ్ల మొహం చూసేవారు కాదు. కంపెనీల సెక్షన్‌లో ఏసీ, సోఫాలు, వచ్చినవాళ్లకు బిస్కెట్లు, చాయ్. బస్సుల సెక్షన్‌లో కిర్రుమనే ఫ్యాను. నేను ఫ్యాను సెక్షన్ వాణ్ని. రూట్లు గీయడం నా పని.

ఆమె వచ్చిన వారంలోనే బిస్కెట్ల డబ్బా, చాయ్ ఫ్లాస్కు తెచ్చి మా సెక్షన్‌లో పెట్టించింది. కంపెనీ పెడతానని ఎంత పెద్దవాడు వచ్చినా చాయ్ తాగాలంటే మా ఫ్యాను కిందికి రావాల్సిందే. వచ్చినవాడికి చాయ్ చల్లారేలోపు ఆమె ఒకటే అడిగేది.

"కంపెనీ పెడ్తనంటున్నవ్, మంచిగున్నది. నీ కాడికి మనుషులు ఎట్లొస్తరు? గది చెప్పు ముందుగాల."

చాలామంది దాని గురించి ఆలోచించి ఉండరు. కరెంటు ఎట్లా వస్తుందో, నీళ్లు ఎట్లా వస్తాయో, లారీలు ఎట్లా వస్తాయో చెప్పేవారు. మనుషులు ఎట్లాగో వస్తారులెండి అనేవారు. "ఎట్లనో రారు. బస్సుల వస్తరు" అని నన్ను పిలిచేది.

మొదటిసారి అలా పిలిచినప్పుడు నేను మ్యాపు పట్టుకుని వెళ్లాను. ఎంతో శ్రద్ధగా గీసిన మ్యాపు. పైన ఉత్తరం, కింద దక్షిణం, బడిలో నేర్పినట్టే. గోడకు తగిలించబోతే ఆగమంది. కింద పరవమంది. పరిచాక కొంగు నడుముకు దోపి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, "పటాన్‌చెరు ఎటున్నది?" అంది. వేలు పెట్టి చూపించాను.

"మ్యాపుల గాదయ్యా. మనం నిలవడ్డకాడికెల్లి ఎటున్నది?"

కిటికీ వైపు అన్నాను. అయితే మ్యాపులో కూడా పటాన్‌చెరు కిటికీ వైపే ఉండాలంది. మ్యాపు తిప్పాల్సి వచ్చింది. మ్యాపు తిప్పేసరికి కుర్చీలు జరపాల్సి వచ్చింది. వచ్చినవాళ్లలో ఒక మందుల కంపెనీ పెద్దమనిషి ఎటు జరగాలో తెలియక నిలబడిపోతే, "ఆ సారు కిష్టారెడ్డిపేట్ల నిలవడ్డడు, జెర జరుగుమను" అంది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి అడుగేశాడు. "అగో, ఇప్పుడు బొంతపల్లి తొక్కిండు!" అంది.

నాకు ఒళ్లు మండింది. కష్టపడి గీసిన మ్యాపును చాపలాగా తిప్పుతుంటే ఎవరికి మండదు? కానీ ఆ రోజు తర్వాత ఏ మ్యాపు గీసినా దాన్ని ఒకసారి నేల మీద పరిచి, ఊళ్లు ఎటువైపు ఉన్నాయో ఆ వైపుకు తిప్పి చూడకపోతే నాకు తృప్తి లేదు. మా ఇంట్లో ఆడవాళ్లు దీన్ని చూసి నవ్వుతారు.

ఆమె గొంతు చాలా పెద్దది. బొంతపల్లి వైపు వ్యవసాయం ఇంట్లో పుట్టింది. ఈ గట్టు మీద నుంచి ఆ గట్టు మీది మనిషిని కేకేసి పెరిగిన గొంతు, ఏసీ గదుల్లో కూర్చున్నంత మాత్రాన తగ్గుతుందా? వాళ్ల పొలాల పక్కన కంపెనీలు లేచాక అన్నదమ్ములు నాగలి వదిలి షిఫ్టులకు పోయారు. ఆ ఇంటి మనిషి కాబట్టి కంపెనీలంటే ద్వేషమూ లేదు, భక్తీ లేదు. ఏ గేటు ముందు ఏ పొద్దున ఎవరు నిలబడతారో తెలుసు.

తిట్టడం కూడా ఆ గొంతుతోనే. ఆమె తిడితే కింది అంతస్తులో క్యాంటీనువాడికి కూడా ఎవరి వంతో తెలిసిపోయేది. తిట్టడం అయ్యాక కాసేపు కాగితాలు అటూ ఇటూ జరిపి, "తిన్నవా?" అనేది. క్షమించు అనడానికి ఆమెకు ఆ ఒక్క మాటే వచ్చు. తినలేదంటే ఇరుక్కున్నట్టే. టిఫిన్ డబ్బాలోంచి జొన్నరొట్టె సగం విరిచి, మీద ఎల్లిపాయ కారం వేసి చేతిలో పెట్టేది. తిన్నానన్నా పెట్టేది, అది వేరే విషయం. మా డిప్యూటీ సారు పాపం షుగరు, కడుపుమంట అని ఎన్ని చెప్పినా ఆ కారం తప్పించుకోలేకపోయాడు.

ఇక షెడ్డు సంగతి చెప్పాలి. ఆమెను తలచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది అదే.

కొల్లూరులో ప్రభుత్వం కట్టించిన పెద్ద ఇళ్ల కాలనీ ఉంది కదా. అక్కడ ఇల్లు వచ్చినవాళ్లకు గోడలు, కప్పు, నల్లా అన్నీ వచ్చాయి గానీ పని రాలేదు. పనేమో కిష్టారెడ్డిపేట వైపు లేస్తున్న అపార్టుమెంట్ల దగ్గర, ఇంకా పైకి పోతే బొంతపల్లి కంపెనీల్లో. కాలనీ నుంచి అక్కడికి నేరుగా బస్సు లేదు. ఆటోలు మారి మారి పోతే పోయేసరికి పని అయిపోయేది. ఎందుకంటే ఆ పనుల్లో సగం అడ్డా మీద దొరికేవి. కిష్టారెడ్డిపేట దారిలో ఒక చౌరస్తా దగ్గర కూలీల అడ్డా ఉంది. పొద్దున్నే ఆడా మగా వచ్చి రోడ్డు అంచున నిలబడతారు. మేస్త్రీలు బండ్ల మీద వచ్చి, ఇటుకలకు ఇంతమంది, స్లాబుకు ఇంతమంది అని పిలుచుకుపోతారు. పొద్దెక్కాక ఇంకా అక్కడే మిగిలినవాళ్లకు ఆ రోజుకు ఇంటికి పోవడమే.

మేడం పట్టుబట్టి కొల్లూరు కాలనీ నుంచి పటాన్‌చెరు మీదుగా, ఆ చౌరస్తా మీదుగా, బొంతపల్లి దాకా పొద్దున బస్సు వేయించింది. ముందు ప్రయోగంగానే. నడిస్తే ఉంచుతారు, లేకపోతే తీసేస్తారు. దాన్ని ఉంచాలా వద్దా అని తేల్చడానికి పై నుంచి పరిశీలన బృందం వస్తుందని మొదటే చెప్పారు.

మొదటి వారం ఆమె ఆ బస్సులోనే నిలబడి వెళ్లింది, వెనక నేను. చౌరస్తా దగ్గర దిగితే, ఆడవాళ్లంతా నెత్తిన కొంగులు వేసుకుని ఎండలో నిలబడి ఉన్నారు. వాళ్లలో అంజమ్మ అని ఒకామె, కొల్లూరు కాలనీదే, మా బస్సు మొదటి రోజు నుంచీ ఎక్కుతున్న మనిషి. మేడం ఆమె చేతిని పట్టుకుని చూసింది. కాలిన రొట్టెలా ఉంది ఆ చేయి. మేడం నా వైపు తిరిగి, "ఈడ నీడ గావాలెనయ్యా" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. చూడనట్టు నటించాను.

ఆ నీడ కోసం ఆమె పడ్డ తాపత్రయం ఇంతా అంతా కాదు. షెడ్డు బొమ్మ నన్ను గీయనివ్వలేదు. తనే గీసింది. వెనక గోడ, రెండు పక్కలా గోడలు, స్టీలు బెంచీలు, పైన రేకుల కప్పు, కప్పుకు ఫ్యాన్లు, మూలన తాగే నీళ్లు. సరిగ్గా వాళ్లు నిలబడే చోటికి వెనకాలే, రోడ్డుకు కాస్త లోపలికి కట్టించింది. కొబ్బరికాయ అంజమ్మతో కొట్టించింది. "విమానాలు ఎక్కే కాడ గూడ గింత మంచిగుండదు" అని యాదగిరి అంటే, చిన్నపిల్లలా నవ్వుకుంది. అంత సంతోషం ఆమె మొహంలో మళ్లీ నేను చూసింది తక్కువ.

వారం తిరక్కముందే తెలిసింది, షెడ్డులో ఎవరూ కూర్చోవడం లేదని. ఒక కుక్క మాత్రం బెంచీ కింద హాయిగా పడుకుంటోంది. జనమంతా ఎప్పటిలాగే బయట ఎండలో.

డిప్యూటీ సారు "మనవాళ్లకు మంచి వసతి వాడుకోవడం రాదు మేడం" అన్నాడు. ఆమెకు కోపం వచ్చింది, బాధా కలిగింది. వెళ్లి అడిగింది. అంజమ్మ "లోపట గాలాడ్తలేదు మేడమ్మా" అంది. పైన ఫ్యాన్లేమో గిరగిరా తిరుగుతున్నాయి. పక్కనామె "బెంచి సల్లగున్నది, నడుం గుంజుతది" అంది. ఇంకొకామె "మాకు కూసునుడు అలవాటు లేదు" అంది. ఒక్కొక్కరిది ఒక్కో మాట. ఒక్కటీ నమ్మేలా లేదు. ప్రేమగా కట్టించిన మనిషి మొహం మీద అసలు సంగతి ఎలా చెప్పాలని వాళ్ల తంటా. అది అప్పుడు మాకు తెలియదు. మేడం ఏమో "ఫ్యాన్లు పెద్దయి పెట్టియ్యి" అని నాతో అంది.

ఆ తర్వాత వాళ్లు ఇంకొకటి మొదలుపెట్టారు. మేడం బస్సు దిగడం చూస్తే చాలు, ఆమెను నొప్పించడం ఇష్టం లేక గబగబా వెళ్లి షెడ్డులో కూర్చునేవారు. మేడం చూసి సంతోషించేది. నేనూ సంతోషించాను. చాలా రోజులు అలాగే సాగింది.

ఒక పొద్దున మేడం దిగింది. అంజమ్మ, ఇంకా కొందరు షెడ్డులో కూర్చున్నారు. నేను నీళ్ల కుళాయి చూస్తున్నాను. మేడం రోడ్డు అంచున ఒక్కతే నిలబడి యాదగిరి జీపు కోసం చూస్తోంది. నేత చీర, నెత్తిన కొంగు, చేతిలో టిఫిన్ డబ్బా సంచి. అప్పుడు ఒక మేస్త్రి బండి మీద వచ్చి ఆమె ముందు ఆపాడు. తర్వాత తెలిసింది, అతని పేరు మల్లయ్య.

"అక్కా, స్లాబు పనుంది. తట్టలు అందియ్యాలె. వస్తవా?"

నేను పరుగెత్తబోయాను. ఆమె కుడి చేయి వెనక్కి పెట్టి, ఆగమని నాకు సైగ చేసింది.

"నేను గట్టి మనిషిని గాదు తమ్మీ. మోకాళ్ల నొప్పులు. గా లోపల కూసున్నోళ్లు మంచి పనోళ్లు లెక్క ఉన్నరు, వాళ్లను పిలువరాదు?"

మల్లయ్య షెడ్డు వైపు అసలు తల తిప్పలేదు. "వాళ్లు బస్సుకోసం కూసున్నరక్కా. కూలికొచ్చేటోళ్లు బెంచీల మీద కూసుంటరా? ఎండల నిలవడ్డోళ్లనే పిలుస్తం మేము" అన్నాడు.

ఆమె పాలిపోయిన మొహంతో వెనక్కి తిరిగి, ఆ పొలం గొంతుతో అరిచింది.

"అంజమ్మా! లే! అందరు లేవున్రి! బయటికి రాన్రి!"

వాళ్లు బెదిరిపోయి బయటికొచ్చారు. మల్లయ్య తనకు కావలసినంతమందిని పిలుచుకుని పోయాడు. అంజమ్మకు ఆ రోజు పని దొరికింది. జీపు వచ్చాక మేడం ఎక్కి కూర్చుంది. యాదగిరి అద్దంలో నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"నా మొకం జూసి కూసున్నరయ్యా వాళ్లు" అంది పటాన్‌చెరు దాటాక. "నేను పోయిన పొద్దులన్ని పని పోగొట్టుకున్నరు. ఒక్కతన్న చెప్పలె. నాకు ఇజ్జత్ ఇయ్యవట్టి కడుపుల కొట్టుకున్నరు." కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ రోజు ఎవరినీ తిట్టలేదు. తిట్టకపోతే ఆఫీసంతా భయం భయంగా ఉంది.

షెడ్డు ఏం చేయాలని ఆలోచిస్తుండగానే పరిశీలన బృందం వస్తున్నామని కబురు పంపింది. బస్సు చూస్తారు, దానితోపాటే షెడ్డూ చూస్తారు. ఇప్పుడు ఏం చేయాలి? ఖాళీ షెడ్డు చూస్తే మొత్తం పనే దండగ అని రాసేస్తారు. రాసేస్తే బస్సు పోతుంది. బస్సు పోతే అంజమ్మలాంటివాళ్లు మళ్లీ ఆటోలు మారి, పనులయ్యాక అడ్డా చేరాలి.

డిప్యూటీ సారుకు ఉపాయం తట్టింది. "ఏముంది మేడం, ఆ ఒక్క పూట వాళ్లని లోపల కూర్చోమందాం. మీరు చెప్తే కూర్చుంటారు."

నాకూ అదే మంచిదనిపించింది. ఆ మాటే చెప్పాను.

ఆమె నన్ను చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. "ఒక్క పూట అంటవేందయ్యా? నీకు, నాకు ఒక్క పూట. ఆమెకు గా పూటనే నౌకరి. పొద్దున అడ్డ మీద లేకపోతే ఆనాటికి ఏం లేదు. ఇప్పటికే నా కోసం ఎన్ని పొద్దులు ఇచ్చిన్రో ఎవరికెరుక? ఇగ ఒక్కటి గూడ తీసుకోను."

బృందం వచ్చింది. వాళ్లలో పెద్దాయన కారు దిగకుండా అన్నీ చూసే రకం. మేడం ఆయనను కొల్లూరు కాలనీలోనే కారు దిగేలా చేసి బస్సెక్కించింది. బస్సు కిక్కిరిసి ఉంది. పెద్దాయనకు ఎవరో లేచి సీటివ్వబోతే, "వద్దు, సారుకు నిలవడుడే మంచిగనిపిస్తది" అంది మేడం. పాపం, ఆయన చౌరస్తా దాకా ఒంటికాలి మీద వచ్చాడు.

దిగాక షెడ్డు కనబడింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. లోపల ఎవరూ లేరు. బయట ఎండలో అడ్డా నిండుగా ఉంది. పెద్దాయన చెమట తుడుచుకుంటూ, "ఇదేమిటి? ఇంత ఖర్చుపెట్టి కట్టించి, ఒక్కళ్లూ లేరేం?" అన్నాడు.

అంజమ్మ అది వింది. వినగానే కొంగు సర్దుకుని షెడ్డు వైపు నడవబోయింది. ఆమె వెనక ఇంకొందరు కదిలారు. మేడం చేయి అడ్డం పెట్టింది.

"నిలవడు అంజమ్మా. మేస్త్రీలొచ్చే యాళ్లయింది" అని, పెద్దాయన వైపు తిరిగింది. "సార్, ఇది నేనే కట్టిచ్చిన. తప్పు కట్టిచ్చిన. లోపట కూసుంటె వీళ్లకు పని దొరుకదు. బయట నిలవడ్డోళ్లనే మేస్త్రీలు పిలుస్తరు. నేను అడుగకుంట, సూడకుంట కట్టిచ్చిన."

పెద్దాయనకు ఆ జవాబు నచ్చలేదు. "ఒక షెడ్డు ఎక్కడ కట్టాలో తెలియనివాళ్లకు బస్సు ఎక్కడ నడపాలో తెలుసని మేమెట్లా నమ్మాలి?" అన్నాడు. అందరి ముందూ అన్నాడు. నాకు ఆయన చొక్కా పట్టుకోవాలనిపించింది.

మేడం గొంతు మొదటిసారి తగ్గింది. "షెడ్డు తప్పు నాది సార్. ఏం రాసుకుంటరో నా మీద రాసుకోన్రి. బస్సు వీళ్లది. మీరు గూడ అండ్లనే నిలవడి వచ్చిన్రు గదా. నా తప్పుకు వీళ్ల బస్సు పీకకున్రి."

ఆయన అడ్డా వైపు చూస్తూ నిలబడ్డాడు. ఈలోగా బండ్లు రావడం మొదలైంది. పిలుపులు, బేరాలు, పరుగులు. చూస్తుండగానే అడ్డా సగం ఖాళీ అయింది. అంజమ్మ ఒక బండి వెనక కూర్చుని పోతూ మేడం వైపు చేయి ఊపింది.

బస్సును తీసేయలేదు. ఖాయం చేశారు, ఇంకొకటి కూడా ఇచ్చారు. షెడ్డు ఖర్చు మాత్రం మేడం మీద రాశారు, సరైన పరిశీలన లేకుండా కట్టించారని. రిటైరయ్యే వయసు దాటినా ఇంకొంతకాలం ఆమెనే ఆ కుర్చీలో ఉంచుతారని అప్పటిదాకా అందరం అనుకున్నాం. ఆ రాత వల్ల అది ఆగిపోయింది. నేను ఆమె గదిలోకి వెళ్లి ఊగిపోయాను, ఇది అన్యాయం, పై వాళ్లకు చెప్పాలి అని. అంతా విని, "తిన్నవా?" అంది.

వెళ్లేముందు ఆమె చేసిన పని ఒకటుంది. షెడ్డు గోడలు తీయించింది. బెంచీలు తీయించి ఒక కంపెనీ గేటు ముందు బస్సు ఆగేచోట వేయించింది. కప్పును మాత్రం ముందుకు జరిపి, ఎత్తు పెంచి, రోడ్డు అంచున మేస్త్రీల బండ్లు ఆగేచోటు మీదికి తెచ్చింది. కొత్త స్తంభాలకు గుంతలు తీసే పని మల్లయ్యకే ఇచ్చింది. అతను అడ్డా మీదివాళ్లతోనే చేయించాడు. అతనికి మేడం ఎవరో అప్పటికి తెలిసిపోయింది. "తట్టలు మోస్తవా అని అడిగిన సార్ నేను!" అని నా ముందు చెంపలేసుకున్నాడు. కప్పు లేచాక ఎండకు మొదట నీడ వెతుక్కున్నది మేస్త్రీలే. బండ్లు నీడలో ఆగాయి. పిలిచేవాళ్లు నీడలో ఉంటే పిలిపించుకునేవాళ్లు ఎండలో ఎందుకుంటారు? అడ్డా మొత్తం దానంతట అదే రెండడుగులు జరిగి నీడలోకి వచ్చేసింది. మేడం జీపులోంచే చూసింది. దిగితే మళ్లీ మర్యాదకు ఏం చేస్తారోనని దిగలేదు.

నాకు ఆమె అంటే ఎంత ఇష్టమో ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. మనలో ఎవరు చెబుతారు? ఆమె రిటైరయ్యాక అప్పుడప్పుడు వెళ్లి రొట్టె తిని, పాతవి మాట్లాడుకుని వచ్చేవాణ్ని. ఇక వెళ్లడానికి లేదని తిరుగు బస్సులో నిలబడి ఉండగా బాగా తెలిసొచ్చింది. ఏడుపొచ్చింది. ఏడ్చాను. కండక్టరు టికెట్ అడగడానికి కాస్త ఆగాడు.

సంగారెడ్డిలో వాళ్ల సందు మొదట్లోనే ఆగిపోవాల్సి వచ్చింది. గోడ పొడుగునా బండ్లు. వాటిని తప్పించుకుని లోపలికి పోతే షామియానా కింద అంతా ఆడవాళ్లే. పని చీరలు, నెత్తిన కొంగులు. ఆఫీసువాళ్లు, కంపెనీలవాళ్లు కుర్చీల్లో ఓ పక్కన ఉన్నారు గానీ, చోటంతా నేల మీద కూర్చున్న వీళ్లదే. అంజమ్మ మేడం కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో, కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

మేడం మొహం చూశాను. దండం పెట్టాను. తర్వాత పక్కకు వచ్చి నిలబడితే, అప్పుడు తోచింది నాకు, పొద్దు ఎంతయిందో. అంజమ్మ దగ్గరికి వెళ్లి వంగి నెమ్మదిగా అడిగాను.

"ఈ యాళ ఇక్కడుంటే ఎట్లా అంజమ్మా? ఇవాళ పని పోయినట్టే కదా. మేడం ఉంటే ఊరుకునేదా? ఆఖరి చూపు చూశారు కదా, కొందరైనా అడ్డా మీదికి పోవాల్సింది."

అంజమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. తలెత్తి వాకిలి వైపు చూపించింది. అక్కడ మల్లయ్య, మరో పదిమంది కలిసి పాడె కడుతున్నారు.

"ఆడికి పొయ్యి ఎవలికోసం నిలవడాలె సార్? మేస్త్రీలందరు ఈన్నే ఉన్నరు."